ఆ వేలిముద్ర ఆమెది కాదు

నేను రిటైరైన దినం ఆఫీసుల శాలువ కప్పిన్రు, పూలగుత్తి ఇచ్చిన్రు, గని మైకు మాత్రం ఇయ్యలే. అందరికీ ఇస్తరు. నాకిస్తే ఏం మాట్లాడుతనో అని భయం. వాళ్లు భయపడుడు సరైందే. ఆ దినం మాట్లాడనియ్యని ముచ్చటే ఇప్పుడు రాస్తున్న. కోర్టులల్ల కొత్తగ నౌకరికి చేరిన పిల్లలు చదువుకోవాలె. ఏ ఊరి కోర్టో రాయ, ఎవల పేర్లూ రాయ. తప్పు చేసినోళ్లల్ల మొదటిదాన్ని నేనే కాబట్టి, నా సంగతి మాత్రం ఏం దాచ.

నాది కరీంనగర్ దిక్కు. మా బాపు సాంచెల మీద బట్ట నేసేటోడు. ఆ మరమగ్గాల చప్పుడుల పుట్టి పెరిగిన కాబట్టి నాకు గొంతు పెద్దది. మా ఆయన కోర్టుల ప్రాసెస్ సర్వర్. అంటే కోర్టు పంపే సమన్లు, నోటీసులు ఊర్లకు పట్టుకపోయి, ఎవల పేరు మీద ఉంటే వాళ్ల చేతికిచ్చి, ఇచ్చిన అని రిపోర్టు రాసే పని. ఆయన గుండె ఆగి పోయిండు. పదో తరగతి పాసైన కాబట్టి ఆ కొలువు నాకిచ్చిన్రు. మొదాలు మంథని దిక్కు ఊర్లు తిరిగిన, తర్వాత బదిలీ మీద ఆదిలాబాద్ దిక్కు పోయిన. ఆడామె సమన్లు తెచ్చిందంటే వాకిట్లకు వచ్చి చూసేటోళ్లు జనం. మెల్లమెల్లగ అలవాటైన్రు.

సమన్లు అంటే ఉత్త కాయితమే అనుకుంటరు. కాదు. మొగడో పెండ్లామో విడాకులకు కేసేస్తే, రెండో మనిషికి ఆ సంగతి తెలియాలె. సమన్లు చేతికందినా కోర్టుకు రాకపోతే, జడ్జి ఒక్కదిక్కు మాట విని తీర్పు ఇచ్చేస్తడు. దాన్ని ఎక్స్‌పార్టీ అంటరు. పెండ్లి తెగిపోతది, పిల్లలు ఒక దిక్కుకు పోతరు. ఆ మనిషికి అందినయా లేదా అని జడ్జికి చెప్పేది ఎవలు? నేను. ఆ కాయితం వెనుక నేను రాసే నాలుగు వరుసలు.

మా ప్రాసెస్ సర్వర్లల్ల కొందరు పొద్దుగాల బస్టాండు హోటల్ల కూసోని, ఊరు మొకం చూడకుండనే "తలుపుకు తాళం ఉన్నది" అని రాసేటోళ్లు. మా ఆయన కూడ రాసేటోడు, అబద్ధమెందుకు. నేను మాత్రం మనిషిని చూడకుండ ఒక్క రిపోర్టు రాయలే. ఎండల, వానల, బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచి పోయి ఇచ్చిన దినాలున్నయి. ఆ గర్వం నాకు బాగ ఉండె. ఆ గర్వమే నన్ను ముంచింది.

భైంసా దిక్కు ఒక ఊరికి పోయిన. పత్తి ఏరే కాలం. మొగడు విడాకులకు కేసేసిండు, ఏడేండ్ల బిడ్డ తన దగ్గరనే ఉండాలె అని కూడ అడిగిండు. పెండ్లానికి సమన్లు. కాయితం మీద రాసిన ఇల్లు మొగనిదే. అప్పుడన్న నాకు అనుమానం రావాలె. కొట్లాడుకుని కోర్టుకెక్కినోళ్లు ఒకే ఇంట్ల ఉంటరా? ఉండేటోళ్లూ ఉంటరు, నేను చూసిన. అందుకే ఎక్కువ ఆలోచించలే.

ఇంటి ముందట ముసలామె, అంటే అత్తగారు, "యా యా, బసా", అంటే రా రా, కూసో అని మంచం వాల్చింది. ఆ దిక్కు మాటల్ల మరాఠీ కలుస్తది. చాయ తెచ్చి ఇచ్చింది. నేను సమన్ల మీద ఉన్న పేరు చదివి, "గామె ఏది?" అని అడిగిన.

"లోపలుంది, పిలుస్త," అని ముసలామె లోపలికి పోయింది. జరసేపటికి ముప్పై ఏండ్లుంటయేమో, ఒకామె కొంగుకు చేతులు తుడుచుకుంట వచ్చింది.

"నువ్వేనా?"

"నేనే."

"సంతకం చేస్తవా?"

"రాదు. ఏలు పెడ్త."

నేను సిరా డబ్బి తీసి ఆమె బొటనవేలు పట్టుకుని ముద్ర వేయిస్తుంటే, ఇంటి పక్కపొంటి నుంచి ఒక పిల్ల ఉరికొచ్చింది. రెండు జడలు, మోకాలికి దెబ్బ. "అత్తా, ఎవలొచ్చిన్రే?" అన్నది ఆమెను చూసి. ముసలామె, "పో, ఆడుకో పో," అని కసిరింది. పిల్ల పోయింది.

అత్తా అన్నది. ఏ పిల్లన్న కన్నతల్లిని అత్తా అంటదా? నా చెవిల పడ్డది. పడ్డదని ప్రమాణం చేసి చెప్త. గని అప్పుడే సడక్ మీద బస్సు హారన్ కొడుతుండె. అది పోతే మల్ల మాపటిదాక బస్సు లేదు. "ఈమె ఆమెనే" అని సాక్షి సంతకం ముసలామె పిలిచిన పక్కింటాయనతోనే పెట్టించుకున్న. "పార్టీకి స్వయంగా అందజేసినాను" అని రాసి, బస్సుకు ఉరికిన.

నాలుగైదు నెలలకు ఎక్స్‌పార్టీ తీర్పు వచ్చింది. విడాకులు మంజూరు, బిడ్డ తండ్రి దగ్గర. నాకు ఆ సంగతి తెల్వదు. ఇచ్చిన సమన్లు ఏమైనయో మేం ఎన్నడూ అడగం.

తర్వాత ఒక దినం నాజర్ రూముల చాయ తాగుతున్న. నాజర్ సారు అంటే మా సెక్షన్‌కు పెద్ద. మా ఆయన పోయినంక నా ఫైలు పట్టుకుని పది టేబుళ్లు తిరిగి నాకు నౌకరి ఇప్పించిన మనిషి. నాకు సమన్లు చదువుడు, రిపోర్టు రాసుడు నేర్పింది ఆయనే. అప్పుడు ఒకామె లోపలికొచ్చింది. సన్నటి మనిషి, చేతుల బట్టల దుకాణం సంచి, దాంట్ల కాయితాలు.

"నాకు నోటీసు ఇచ్చిన మనిషి ఎవలు సార్?" అని అడిగింది.

నాజర్ సారు కాయితం తిప్పి చూసి, "గీమెనే," అని నా దిక్కు చూపిచ్చిండు.

ఆమె నా ముందుకు వచ్చి నిలబడ్డది. "అక్కా, నన్ను ఎన్నడన్న చూసినవా?"

చూడలే. ఆ మొకం నేను మొట్టమొదటిసారి చూస్తున్న. నోట్లె చాయ అట్లనే ఉన్నది.

"నేను ఇంటర్ చదివిన," అన్నది ఆమె. "నాకు సంతకం వచ్చు. బోథ్‌ల తల్లిగారింట్ల, మా అవ్వ కాడ రెండేండ్ల సంది ఉంటున్న, జాకెట్లు కుట్టి బతుకుతున్న. బిడ్డను చూద్దామని బడికి పోతే, పెద్దసారు కోర్టు కాయితం చూపిచ్చిండు. 'నువ్వు కలవొద్దమ్మా, విడాకులైపోయినయ్ గదా' అన్నడు. నాకు విడాకులైనయని నాకే తెల్వదు. ఎవలిచ్చిన్రు? ఎవలడిగిన్రు నన్ను?"

నాజర్ సారు లేచి, "అవన్ని నీ వకీలుతోని మాట్లాడుకోమ్మా, ఇక్కడ కాదు," అని ఆమెను బయటికి పంపించిండు. ఆమె పోయేదాక నన్నే చూసింది. నేను ఒక్క మాట చెప్పలే. సమన్లు తప్పు మనిషికి ఇచ్చుడు మొదటి తప్పు. ఆ దినం నోరు మూసుకుని కూసునుడు రెండోది. మొదటిదానికి బస్సు సాకు ఉన్నది. రెండోదానికి ఏ సాకూ లేదు.

ఆమె ఊకోలే. తీర్పు కొట్టేసి కేసు మల్ల మొదటి నుంచి వినాలె అని దరఖాస్తు పెట్టింది. మొగని వకీలు, సమన్లు ఆమెకు ముట్టినయని చెప్పెతందుకు నన్నే సాక్షిగ పిలిపించిండు. కోర్టు మనిషి కోర్టు కాయితానికి అడ్డం చెప్పదు అని ఆయన ధీమా.

నాజర్ సారు నన్ను పక్కకు పిలిచి కూసోబెట్టిండు. "చూడమ్మా, నువ్వు ఏడాదికి ఎన్ని నోటీసులు ఇస్తవ్? అందరి మొకాలు యాదుంటయా? 'యాది లేదు సార్, రిపోర్టుల ఉన్నదే నిజం' అను. అది అబద్ధం గూడ గాదు. నీకు ఇంకా నాలుగేండ్ల సర్వీసు ఉన్నది. ఇప్పుడు నా మీద మెమో, నీ మీద ఎంక్వైరీ, ఇదంత ఎందుకు?"

ఆయన నా మంచికే చెప్పిండు. నేను సరే అన్న. అవును, సరే అన్న. గా మాట కూడ రాయాలె కదా.

ఈ ముచ్చట ఇంకొకరికి చెప్పిన. మా కోర్టు దఫేదార్, హాలు తలుపు కాడ నిలబడి పార్టీల పేర్లు పిలిచే చాచా. తలకు జరీ పట్టీ కట్టుకునేటోడు, ఇంట్ల ఉర్దూ, మాతోని తెలుగు, నన్ను మాత్రం అక్కా అనేతందుకు ఆపా అంటడు. ఆయన అంత విని, "ఆపా, నేను నీకు గిట్ల చెయ్యి, గట్ల చెయ్యి అని చెప్ప. గని పరేషాన్ గాకు. ఏం చెప్పినా జర గట్టిగ చెప్పు, జడ్జి సాబ్‌కు మల్ల అడిగే పని వడొద్దు," అన్నడు. నాకు నవ్వొచ్చింది. నా గొంతు గురించి ఎవలన్న ఆ మాట అనుడు అదే మొదటిసారి.

సాక్ష్యం దినం పొద్దుగాల్నే పోయిన. ఇస్త్రీ చీర కట్టుకున్న. "యాది లేదు సార్" అనే మాటను బస్సుల పదిసార్లు లోపల్లోపల అనుకున్న. వరండాల బెంచి మీద కూసున్న. మొగడు వచ్చిండు, ఆయన వెంట ఇద్దరు ముగ్గురు మనుషులు. తల్లి బిడ్డను చూసేటట్టు పిల్లను తేవాలె అని జడ్జి ముందటి వాయిదాల చెప్పి ఉండె. అందుకని పిల్లను కూడ తెచ్చిన్రు. పిల్ల చెయ్యి పట్టుకుని నడిచొచ్చింది ఎవలు అనుకున్నరు? వేలిముద్ర పెట్టినామె. నా మొకం చూసి గుర్తుపట్టలే. సమన్లు తెచ్చిన ముసల్దాని మొకం ఎవలు చూస్తరు, కాయితాన్ని చూస్తరు గని.

బోథ్ నుంచి వచ్చిన తల్లి వరండా ఆ చివర నిలబడ్డది. పిల్ల ఆమె దిక్కు చూసింది, పోలే. ఆ నడుమ పదిహేను అడుగుల జాగ ఉంటదేమో. పోవాలెనా వద్దా అన్నట్టు పిల్ల కాలు ఒకటి ముందుకు పెట్టి, మల్ల వెనుకకు తీసుకున్నది. తర్వాత మొకం తిప్పి, పక్కనున్నామె కొంగు గుంజి, "అత్తా, దూపైతుంది, నీళ్లు కావాలె," అన్నది.

అదే గొంతు.

నేను బస్సుల నేర్చుకున్న మాట ఎటో పోయింది. నాకు కోపం వచ్చింది. వాళ్ల మీద కాదు, నా మీద. ఏడాదిన్నర కింద ఈ గొంతు ఇదే మాట అంటే నేను బస్సు చూసుకున్న. ఇప్పుడు పింఛన్ చూసుకుంటున్న.

లోపల నా వంతు వచ్చింది. దఫేదార్ చాచా మామూలుగ పేరు మూడుసార్లు ఒర్రుతడు, కలెక్టర్ అయినా సరే ఉత్త పేరే. ఆ దినం నా పేరు వెనుక "గారు" అని కలిపి, ఒక్కసారే పిలిచిండు.

బోనెక్కిన. ప్రమాణం చేసిన. మొగని వకీలు సమన్ల కాయితం చూపిచ్చి అడిగిండు, "ఇది మీరే అందజేసిన్రా?"

"అవును సార్."

"ఈ వేలిముద్ర మీ ముందటనే వేసిన్రా?"

"నేనే ఏలు పట్టుకుని వేయించిన."

"వేసింది ఈ దరఖాస్తు పెట్టుకున్నామెనే గదా?"

"కాదు."

వకీలు తన కాయితాలల్ల ఏదో రాసుకుంటున్నోడు, ఆగిండు. "సరిగ్గ విని చెప్పండ్రి..."

"సరిగ్గనే విన్న సార్. కాదు. ఈమెను నేను సమన్లిచ్చిన దినం చూడలే. ఆ ఏలు పెట్టినామె ఇయ్యాల వచ్చింది. అగో, ఆ తలుపు కాడ నిలబడ్డది, పసుపు చీర."

హాల్ల ఉన్నోళ్లందరు వెనుకకు మర్రి చూసిన్రు. పసుపు చీర ఆమె కొంగు నెత్తి మీదికి గుంజుకుని బయటికి నడిచింది. ఆమె అట్ల పోవుడే నా సాక్ష్యాన్ని గట్టిపరిచింది.

వకీలు ఇగ నా మీద పడ్డడు. సాక్షి ఎదురు తిరిగింది అని జడ్జికి చెప్పి, నన్ను నిలదీసిండు. "అప్పుడు స్వయంగా ఇచ్చిన అని రాసిన్రు. ఇప్పుడు కాదంటున్రు. అవతలోళ్ల దగ్గర ఏం తీసుకున్నరు?"

"అవతలోళ్ల దగ్గర ఏం తీసుకోలే సార్. ఆ దినం మీ పార్టీ ఇంట్ల ఒక చాయ తాగిన. ఈ కేసుల నేను తీసుకున్నది అదొక్కటే."

ఎవలో నవ్విన్రు. జడ్జి సారు నవ్వలే. చిన్న వయసాయన, కొత్తగ వచ్చిండు. కండ్లద్దాలు తీసి నా దిక్కు చూసిండు. "అమ్మా, మీరు చెప్తున్నది మీ రిపోర్టు తప్పు అని. దాని మీద మీపై చర్య ఉంటుంది. తెలుసా?"

"తెలుసు సార్. రాసుకోండ్రి. ఆ ఇంట్ల పిల్ల ఆమెను అత్తా అని పిలిచింది. నేను విన్న, విననట్టు వచ్చిన. అది కూడ రాసుకోండ్రి."

ఆయన స్టెనోకు చెప్పిండు. టైపు చప్పుడు నాకు మా బాపు సాంచె చప్పుడు లెక్క వినవడ్డది. బోను దిగిన. తల దించలే.

ఎక్స్‌పార్టీ తీర్పు కొట్టివేసిన్రు. నాకు ఛార్జ్ మెమో వచ్చింది. సూపరింటెండెంట్ నన్ను పిలిచి జవాబు ఎట్ల రాయాలెనో చెప్పిండు. నేను రాసిన. సమన్లు ఇచ్చేటప్పుడు మనిషిని సరిగ్గ విచారించకపోవుడు నా తప్పు, దానికి క్షమించాలె అని రాసిన. కింద ఇంకొక వరుస రాసిన, "కోర్టులో చెప్పిన సాక్ష్యానికి మాత్రం క్షమాపణ కోరడం లేదు."

"గీ వరుస తీసెయ్యమ్మా," అన్నడు సూపరింటెండెంట్. "తీసేస్తే హెచ్చరికతోని పోతది."

"ఉండనియ్యిండ్రి సార్."

"ఎందుకింత మొండితనం?"

"నిజం చెప్పినందుకు మన్నించుమని రాస్తే, మల్ల అది కూడ ఒక దొంగ రిపోర్టే అయితది సార్."

రెండు ఇంక్రిమెంట్లు కోసిన్రు. అంతకన్న నొప్పి పెట్టింది వేరే ఉన్నది. నాజర్ సారు నాతోని మాట్లాడుడు బంద్ పెట్టిండు. ఆయనకూ మెమో వచ్చింది, నా వల్లనే. ఆయన చేసిన మేలుకు నేనిచ్చిన జవాబు అదా అని ఆయన మనసుల ఉండొచ్చు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉన్నది, దాన్ని గొప్పతనం కింద కప్పిపెట్ట. నాతోని పనిచేసేటోడు ఒకడు మొకం మీదనే అన్నడు, "నువ్వొక్కదానివి సత్యమంతురాలివైనవ్, ఇగ ప్రతి వకీలు మా రిపోర్టులన్ని అబద్ధమంటడు."

"అబద్ధాలున్నయి కాబట్టే అంటరు," అన్న. వాడు మల్ల నాతోని చాయకు రాలే.

కేసు మొదటి నుంచి నడిచింది. నెలకు రెండుసార్లు తల్లీబిడ్డలు కోర్టుల ఒక రూముల కలవాలె అని ముందుగాల ఆర్డరిచ్చిన్రు. ఆ రూము మా నాజర్ సెక్షన్ ఎదురుంగనే. మొదటి మూడుసార్లు పిల్ల గోడకు ఆనుకుని నిలబడ్డది, తల్లి దగ్గరికి పోలే. నువ్వు నన్ను విడిచిపెట్టి పోయినవ్ అని ఎవలో నూరిపోసినట్టున్నరు. తల్లి బతిమిలాడలే, ఏడ్వలే. నాలుగోసారి తాను కుట్టిన గౌను తెచ్చింది. యాదికున్న కొలతతోని కుట్టినట్టుంది. పిల్ల వేసుకుని చూసి, "సంకల కాడ పట్టేసింది," అన్నది.

"నువ్వు పెరిగినవ్ మరి, నాకెవలు చెప్పిన్రు?" అన్నది తల్లి. సంచిల నుంచి చిన్న కత్తెర తీసి, అక్కడనే కింద కూసోని కుట్లు విప్పుడు మొదలుపెట్టింది. జరసేపైనంక పిల్ల వచ్చి పక్కన కూసోని, విప్పిన దారాలు ఏరుడు షురూ చేసింది. నేను ఎదురుంగ ఫైళ్లు సదురుతున్నట్టు నటించుకుంట అంత చూసిన.

విడాకుల సంగతి వచ్చినప్పుడు మొగని వకీలు రాజీ మాటలు మొదలుపెట్టిండు. "ఆమె కాపురానికి వస్తనంటే తీసుకపోతం," అన్నడు. జడ్జి ఆమెను అడిగిండు. ఆమె లేచి నిలబడి, "నేను కాపురం కోసం కొట్లాడలే సార్," అన్నది. "విడాకులు నాకూ కావాలె. గని నేను లేకుండ నా పెండ్లి తెంపిన్రు. ఇప్పుడు నేనే వచ్చి, నా నోటితోని చెప్పి, నా సంతకంతోని తీసుకుంట. బిడ్డను కూడ."

అట్లనే అయింది. బిడ్డను జడ్జి ఒక్కదాన్నే లోపల కూసోబెట్టుకుని అడిగిండు. ఏమడిగిండో, ఏం చెప్పిందో మాకు తెల్వదు. బిడ్డ తల్లి దగ్గర, ఆదివారాలు తండ్రి వచ్చి చూడొచ్చు, పోషణకు నెలనెలా తండ్రి ఇయ్యాలె అని తీర్పు వచ్చింది. ఆమె కాయితం మీద ఇంగ్లీషుల పొడుగు సంతకం చేసింది. నేను దూరం నుంచి చూసిన. ప్రతి అక్షరం విడివిడిగ రాసింది.

ఆ దినం సాయంత్రం కోర్టు గేటు కాడ ఆమె ఎదురుపడ్డది. ఒక చేతుల సంచి, ఒక చేతుల బిడ్డ. నేను ఆగిన. ఏమన్న అంటదేమో, దండం పెడ్తదేమో అనుకున్న. మనిషిని గదా, ఆశ పుట్టింది.

"అక్కా, నీకు దండమైతే పెట్ట," అన్నది నా మనసు చదివినట్టు. "నువ్వు ముందే సరిగ్గ చేసి ఉంటే, నా బిడ్డ ఎదుగుడు నేను చూసేదాన్ని. ఆ దినాలు నువ్వు తెచ్చియ్యలేవు."

"తేలేను బిడ్డా," అన్న.

ఆమె తలూపి ముందుకు నడిచింది. చేసిన తప్పును మాఫీ చెయ్యకుండ, చెప్పిన నిజాన్ని కాదనకుండ, నా మొకం మీద మాట్లాడింది. ఆమె అంటే నాకు అప్పటి సంది గౌరవం. బోథ్ బస్సు కోసం సడక్ దాటుతుంటే, పిల్ల వెనుకకు మర్రి నన్ను చూసి తల్లిని అడిగింది, "ఆమె ఎవలే అవ్వా?"

తల్లి నడక ఆపకుండనే చెప్పింది, నాకు వినవడేటట్టే చెప్పింది. "కోర్టామె. తప్పు చేసింది. తర్వాత అందరి ముందట ఒప్పుకున్నది."

నా మొత్తం నౌకరిల నా గురించి ఎవలూ ఇంత సరైన రిపోర్టు రాయలే.